కారణం గడి

ఆ చలికాలం మొదలైన వారానికే మా ఆయన సగం గడ్డం పెంచాడు. సగం అంటే నిజంగా సగమే. ఎడమ చెంప నున్నగా గీసుకుని, కుడి చెంప మీద బ్లేడు పెట్టకుండా వదిలేసేవాడు. మా లాండ్రీలో మడతల సెక్షన్ ఆడవాళ్ళు "అదిగో సగంగడ్డం" అని ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మేమిద్దరం ఒకే చోట పనిచేసేవాళ్ళం. ఆసుపత్రుల దుప్పట్లూ, ఆపరేషన్ గౌన్లూ ఉతికే పెద్ద ఆవిరి లాండ్రీ అది. ముందు హాల్లో, చిరుగుల బల్ల దగ్గర నా కుట్టుమిషను. వెనక షెడ్డులో ఆయన బాయిలరు. ఆ షెడ్డులోంచి ఆవిరి వస్తేనే హాల్లో మిషన్లు తిరుగుతాయి. ఇరవై రెండేళ్ళు ఆయన ఆ బాయిలరు చూశాడు. చూశాడు అని మాటవరసకి అనడం లేదు. గోడకున్న గుండ్రటి గేజి మీంచి కన్ను తియ్యకుండా చూడటమే ఆ ఉద్యోగం. గంటగంటకీ ఒత్తిడి ఎంతుందో, నీళ్ళ మట్టం ఎంతుందో రిజిస్టర్లో రాయాలి. ఇంటికొచ్చినా ఆయనకి ఆ చూపు పోయేది కాదు. పాలు పొయ్యి మీద పెడితే చాలు, పక్కనే చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆయన ఉండగా మా ఇంట్లో పాలు పొంగిన పాపాన పోలేదు.

గడ్డం తర్వాత మాటలు తగ్గాయి. మామూలుగా ఆయన నోరు మూతపడేది కాదు. నేను చీర మార్చుకుంటే ఒక మాట, కూరలో ఉప్పు ఎక్కువైతే నాలుగు మాటలు. అలాంటి మనిషి సైగలతో సరిపెట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు పొద్దున పాలలో నానబెట్టిన బ్రెడ్డు ముక్క నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోయాడు. నమలలేదు, మింగలేదు. కుడి కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం కదలడం లేదు. నేను కిటికీ మూద్దామని లేచాను. నా పైట కొంగు గాలి ఆయన చెంపకి తగిలింది. అంతే, కుర్చీలో ముడుచుకుపోయాడు.

"ఏమైందండీ?"

చెయ్యెత్తి ఆగమన్నాడు. రెండు నిమిషాలు పట్టింది. తర్వాత నోరు సరిగ్గా తెరవకుండానే అన్నాడు, "ఏం లేదు. పోయింది."

నరాల డాక్టరమ్మ దగ్గరికి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. మొహానికి వచ్చే పెద్ద నరం దెబ్బతిన్నదని ఆవిడ చెప్పింది. గాలి సోకినా, మాట్లాడినా, పళ్ళు తోముకున్నా ఆ నరంలో కరెంటు కొట్టినట్టు నొప్పి పుడుతుందట. మాత్రలు రాసింది. మాత్ర వేసుకుంటే నొప్పి కాస్త తగ్గేది కానీ మనిషి తూగేవాడు. తూగేవాణ్ణి బాయిలరు దగ్గర నిలబెట్టకూడదు. అందుకని ఆయన షిఫ్టు అయ్యాకే మాత్ర వేసుకునేవాడు. పగలంతా మాత్ర లేకుండానే పంటి బిగువున భరించేవాడు.

"ఇలా ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు?" అంది డాక్టరమ్మ. "చెంపలోంచి సన్న సూది పంపి, ఆ నరం మొదట్లో వేడి పెడతాం. గంట పని. చాలామందికి నొప్పి ఆగిపోతుంది."

"వేడితో పనేగా డాక్టరుగారూ," అన్నాడు మా ఆయన, పెదవులు కదపకుండా. "నాకు కొత్తేం కాదు."

లాండ్రీ మా అందరికీ ఇన్సూరెన్స్ చేయించింది. వాళ్ళు ఒప్పుకుంటే చికిత్స. ఒప్పుకోకపోతే అది మా తలకి మించిన పని. డాక్టరమ్మ ఒక కాయితం ఇచ్చింది. రోజుకి మూడుసార్లు నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది వరకు అంకె వెయ్యాలి. సున్నా కింద నవ్వే మొహం బొమ్మ, పది కింద ఏడ్చే మొహం బొమ్మ. రెండు వారాలు నింపి ఆసుపత్రి గుమాస్తాకి ఇచ్చేస్తే దరఖాస్తుతో పాటు పంపిస్తారు. ఆయన రోజూ చొక్కా జేబులోంచి పెన్ను తీసి, రిజిస్టర్లో రాసినంత పద్ధతిగా అంకెలు వేసి, మడతపెట్టి ఇచ్చాడు. నేను చూడలేదు. డాక్టరమ్మా చూడలేదు. గుమాస్తా పిన్ను కొట్టి పంపేశాడు.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. 'రోగి స్వయంగా నమోదు చేసిన నొప్పి తీవ్రత సగటున నాలుగు. నిబంధనల ప్రకారం ఏడు దాటవలెను. చికిత్స యొక్క అవసరం నిరూపణ కాలేదు.' కింద ఎవరి సంతకమూ లేదు, ఒక ముద్ర ఉంది.

నేను ఉత్తరం పట్టుకుని షెడ్డులోకి వెళ్ళాను. మొహం చుట్టూ మఫ్లరు చుట్టుకుని, స్టూలు మీద కూర్చుని గేజి చూస్తున్నాడు. ఆ చలిలో ఆయనకి కాస్త హాయిగా ఉండే చోటు అదొక్కటే.

"నాలుగు వేశారా?" అన్నాను.

"ఆఁ."

"రెండు వారాలూ నాలుగేనా?"

"ఒకటి రెండుసార్లు ఐదు వేసినట్టున్నాను."

"మీకు మతి గానీ పోయిందా? తిండి తినలేక ఏడుస్తూ నాలుగు వేస్తారా?"

ఆయన నా వైపు తిరగలేదు. వేలెత్తి గేజి చూపించాడు. దాని మీద కూడా సున్నా నుంచి పది దాకా అంకెలు ఉన్నాయి. ఆరు దగ్గర ఎర్ర గీత ఉంది. ముల్లు నాలుగు మీద నిలబడి ఉంది.

"సున్నా అంటే పొయ్యి ఆరిపోయినట్టు," అన్నాడు, ఒక్కో మాటా ఏరుకుంటూ. "నాలుగంటే ఆవిరి నిండుగా ఉంది, పని నడుస్తోంది, పట్టుకుని ఉన్నాం అని. ఆరుకి సేఫ్టీ వాల్వు లేస్తుంది. ఆ అరుపు వీధి చివరిదాకా వినబడుతుంది. నేను అరిచానా?"

"లేదు."

"అరిస్తే ఆరు వేసేవాణ్ణి."

"మరి పది?"

"పదికి వస్తే రాసేవాడు ఉండడు కదా."

ఈ మనిషికి లోకంలో ఉన్న కొలత అదొక్కటే. నొప్పికి అంకె వెయ్యమంటే, ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న గేజిలో చూసి వేశాడు. ఆయన అబద్ధం రాయలేదు. ఆ నాలుగు ఏ గేజిలో నాలుగో అడగాలని అటువైపు ఒక్కడికీ తోచలేదు.

మర్నాడు భోజనాల విరామంలో ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోను చేశాను. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని పాతికసార్లు వినిపించాక ఒక అమ్మాయి ఎత్తింది. గేజి సంగతి, మాత్రల సంగతి, బ్రెడ్డు సంగతి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను.

"నాలుగు అని పేషెంటే రాశారు కదండీ," అంది.

"రాసింది తప్పు కాదమ్మా. మీరు చదవడం తప్పు. తింటూ తింటూ కన్నీళ్ళు పెట్టుకునే మగాణ్ణి నువ్వెప్పుడైనా చూశావా?"

"మీ బాధ నాకు అర్థమవుతోందండీ."

"అర్థమైతే రాయి."

"అది రాసే గడి నా స్క్రీన్ మీద లేదండీ. మీరు అప్పీలు పెట్టుకోండి."

ఆ పిల్లని తిట్టి లాభం లేదని తెలుసు. అయినా నాలుగు మాటలు అన్నాను. అన్నాక జాలేసింది. ఆ పిల్ల మటుకు ఏం చేస్తుంది, గడులు గీసినవాళ్ళు ఫోన్లు ఎత్తరు.

అప్పీలు పెట్టాం. డాక్టరమ్మ తన తప్పు కూడా ఉందని నొచ్చుకుని రెండు పేజీల ఉత్తరం రాసింది. మా ఆయన చేత మళ్ళీ కాయితం నింపించాను. పక్కన కూర్చుని, ఏడ్చే మొహం బొమ్మ చూపించి, "బాయిలరు మర్చిపోండి, దీన్ని చూసి వెయ్యండి" అని పోరుపెట్టాను. చివరికి తొమ్మిది వేశాడు. నాలుగు వారాలు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాం. ఈలోగా ఆయన బెల్టుకి రెండు కొత్త బెజ్జాలు పడ్డాయి. ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ఇంట్లో కంటే షెడ్డులో వెచ్చగా ఉంటుంది, పైగా ఇంట్లో కూర్చుంటే నొప్పి గురించే ఆలోచన అనేవాడు.

రెండో ఉత్తరం వచ్చింది. 'తిరస్కరణ అనంతరం మార్చబడిన అంకెలు పరిగణించబడవు. ఈ కాలంలో రోగి విధులకు ఒక్కరోజు కూడా గైర్హాజరు కాకపోవడం గమనించబడినది. నొప్పి సంభవించిన సమయంలోనే నమోదైన ఆధారాలు ఉన్నచో తుది అప్పీలుతో సమర్పించవచ్చును.'

అది చదివి అగ్గి మీద గుగ్గిలమయ్యాను. సెలవు పెడితే పనిదొంగ అంటారు, పెట్టకపోతే నొప్పే లేదంటారు. మనిషి ఎలా ఉంటే వీళ్ళకి కంటికి ఆనతాడు? చిరుగుల బల్ల మీద ఒక ఆసుపత్రి దుప్పటి ఉంది. దాని అంచు కుడుతున్నాను, దారం రెండుసార్లు తెగింది. మూడోసారి తెగేసరికి మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను.

పంపు అన్నయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. షెడ్డులో నీళ్ళ పంపులు చూసే మనిషి. మా ఆయన కంటే నాలుగేళ్ళు పెద్ద, రేపో మాపో రిటైరయ్యేవాడు. నన్ను చెల్లెమ్మా అంటాడు. నేను ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మెల్లిగా చదివాడు.

"అప్పుడే రాసిన ఆధారం కావాలంటున్నారు," అన్నాడు.

"ఎక్కణ్ణించి తెస్తాం అన్నయ్యా? ఈయనగారు ఇంట్లో మూలగనైనా మూలగడు."

పంపు అన్నయ్య కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "చెల్లెమ్మా, నేను చెప్పానని వాడితో అనకు. ఆ కాయితం మీద వాడు నాలుగు వేశాడు, సరే. రిజిస్టర్లో మటుకు అన్నీ రాశాడు."

"ఏం రాశాడు?"

"గేజి మీంచి కన్ను తీస్తే రాయాలమ్మా. ఎన్నింటికి, ఎంతసేపు, కారణం. అది రూలు. నొప్పి వచ్చినప్పుడు వాడు నన్ను గేజి ముందు నిలబెట్టి గోడ వెనక్కి వెళ్తాడు. వచ్చి రాస్తాడు. రాయకురా, నేను చూస్తూనే ఉన్నానుగా అన్నా వినడు."

మధ్యాహ్నం షెడ్డులో ఆయన నీళ్ళ మట్టం చూపే అద్దం తుడుస్తుంటే నేను మేకుకి వేలాడుతున్న రిజిస్టరు తీశాను. ఎడమవైపు ఒత్తిడి అంకెలు. కుడివైపు చివర మూడు గడులు.

8.10 – 1 ని. – ముఖం.
9.40 – 2 ని. – ముఖం.
9.55 – 2 ని. – ముఖం.
11.20 – 3 ని. – ముఖం.

పేజీ తిప్పాను. ముఖం. ఇంకో పేజీ. ముఖం, ముఖం, ముఖం. తొమ్మిది వారాలుగా ఏ పేజీ తిప్పినా అదే మాట. మొదట్లో రోజుకి ఐదారు, తర్వాత పదిహేను, ఇరవై. ఒకచోట మాత్రం అక్షరాలు వంకరపోయాయి, పెన్ను కాయితం చించింది. అక్కడా నిమిషాలు వేసే ఉన్నాయి. నాకు చెప్పని నొప్పంతా ఆ పుస్తకానికి చెప్పుకున్నాడు. కోపం వచ్చిందో దుఃఖం వచ్చిందో నాకే తెలియలేదు, ఆ పుస్తకంతోనే ఆయన వీపు మీద ఒక్కటి ఇచ్చాను.

"ఇది ఎందుకు చెప్పలేదు?"

ఆయన గేజి వైపు చూస్తూనే అన్నాడు, "అది బయటికెళ్తే నన్నిక్కడ ఉంచరు."

అప్పుడు అర్థమైంది నాకు. నొప్పి వచ్చినప్పుడల్లా గేజి వదిలి వెళ్ళే మనిషిని బాయిలరు దగ్గర ఎవరు ఉంచుతారు? ఆ పుస్తకం పంపితే చికిత్స రావచ్చు, బాయిలరు పోతుంది. పంపకపోతే బాయిలరు ఉంటుంది, మనిషి ఉండేలా లేడు. నేను పుస్తకం మేకుకి తగిలించేసి వచ్చాను. ఆ మాట ఇంక నేను ఎత్తలేదు. ఎత్తే హక్కు నాకు లేదనిపించింది.

మూడు రోజులు ఇద్దరం దాని జోలికి పోలేదు. నాలుగో రోజు ఆయన పాలగ్లాసు అందుకోబోయి, పెదవికి ఆనకముందే దించేశాడు. దించి, గ్లాసుని చాలాసేపు చూశాడు. తర్వాత మఫ్లరు చుట్టుకుంటూ, "ఆ పుస్తకం నేనే తీసుకెళ్తాను. నువ్వూ రా, నేను ఎక్కువ మాట్లాడలేను" అన్నాడు.

మేనేజరు గదిలో ఆయన రిజిస్టరు బల్ల మీద పెట్టాడు. అన్ని పేజీలకీ నకళ్ళు, వాటి మీద లాండ్రీ ముద్ర కావాలని నేను అడిగాను. మేనేజరు పేజీలు తిరగేశాడు. మెల్లిగా మొహం మారింది.

"ఇదేంటయ్యా? ఇంతసేపు గేజి వదిలేశావా?"

"వదల్లేదు సార్. పంపు అన్నని నిలబెట్టి వెళ్ళాను."

"అయినా సరే. ఇది నా కంటపడ్డాక రేపట్నుంచి నిన్ను అక్కడ ఉంచలేను. తెలుసా నీకు?"

"తెలుసండి."

"నేను చూడలేదనుకో. పట్టుకుపోయి మళ్ళీ మేకుకి తగిలించు."

ఆయన కదల్లేదు. నేనే ముందుకొచ్చి పేజీ అడుగున వేలు పెట్టాను. 'తనిఖీ చేయడమైనది' అని అచ్చేసి ఉంది. దాని కింద ప్రతి శనివారం పచ్చ సిరాతో ఒక సంతకం ఉంది.

"ఇవన్నీ మీ సంతకాలే కదండీ," అన్నాను. "తొమ్మిది వారాలుగా మీ కంటపడుతూనే ఉంది."

మేనేజరు ఆ సంతకాల వంక చూశాడు. చదవకుండా పెట్టానని అనలేడు, చదివి పెట్టానని అసలే అనలేడు. చివరికి ముద్ర డబ్బా తెరిచి, ఒక్కో నకలు మీద తనే ముద్ర కొట్టాడు. మర్నాటి నుంచి మా ఆయన్ని మడతల సెక్షన్‌లో వేశారు. ఉద్యోగం తీసెయ్యలేదు, ఆ పచ్చ సంతకాలు అడ్డుపడ్డాయి.

నకళ్ళు పంపాను. డాక్టరమ్మ ఇంకో ఉత్తరం జతచేసింది. బాయిలరు లేదు కాబట్టి ఇక పగలు కూడా మాత్ర వేసుకోవచ్చు. వేసుకుని, ఆడవాళ్ళ మధ్య నిలబడి, తూగుతూ దుప్పట్లు మడతపెట్టేవాడు. సగంగడ్డం అని ఇప్పుడెవరూ నవ్వలేదు. హాల్లో ఇస్త్రీ మిషను చప్పుడు కాస్త మారితే చాలు, తలెత్తి షెడ్డు వైపు చూసేవాడు. "మూడున్నరకి పడిపోయింది, చూసుకోడేం వాడు" అని గొణిగేవాడు. ఆ మూడున్నర నా గుండెలో గుచ్చుకునేది.

ఐదు వారాలకి మూడో ఉత్తరం వచ్చింది. అప్పటికి చలి విరిగి ఎండలు మొదలయ్యాయి. 'పునఃపరిశీలనలో మీ నొప్పి అంగీకరించబడినది.' వీళ్ళు అంగీకరించేదేమిటి? ఇదే నొప్పి, ఇదే చెంప, ఇదే మనిషి. మొదటి రోజే ఎవరైనా ఫోను చేసి, అయ్యా నాలుగంటే ఏమిటి అని ఒక్క ముక్క అడిగి ఉంటే, ఆ రిజిస్టరు తెరవాల్సిన పనే ఉండేది కాదు. ఆయన తన స్టూలు మీద ఉండేవాడు.

చికిత్స గంట పనే అయ్యింది. మర్నాడు పొద్దున డాక్టరమ్మ ఆయన చెంప మీద దూదితో రాసింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, నొప్పి కోసం కాచుకుని కూర్చున్నాడు. అది రాలేదు.

"ఇప్పుడు ఎంతుంది?" అంది ఆవిడ.

ఆయన చెంప తడిమి చూసుకున్నాడు. "సున్నా," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం సంతోషంగా ఏమీ లేదు. ఆ అంకెకి ఆయన భాషలో అర్థం ఏమిటో నాకు తెలుసు కాబట్టి, నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఇంటికొచ్చాక రెండు చెంపలూ గీసుకున్నాడు. కుడి చెంప కాస్త మొద్దుబారి ఉంది కానీ నొప్పి లేదు. కూరలో ఉప్పెక్కువైందని నాలుగు మాటలు అన్నాడు. నిజానికి ఎక్కువ కాలేదు, నేను ఊరుకున్నాను. బాయిలరు దగ్గరికి తిరిగి వెళ్ళాలంటే ఆరు నెలలు నొప్పీ మాత్రా లేకుండా గడవాలి, మళ్ళీ పరీక్ష రాయాలి. ఆయన వయసువాళ్ళని పిలుస్తారో లేదో ఎవరూ చెప్పడం లేదు.

వారం తిరక్కుండా ఇన్సూరెన్స్ వాళ్ళ కవరు మళ్ళీ వచ్చింది. రంగుల కాయితం, పైన నవ్వే మొహం బొమ్మ. 'మా సేవలు మీకు ఎలా అనిపించాయి? సున్నా నుంచి పది వరకు గుర్తించండి.' నాకు తిక్క రేగి చింపెయ్యబోయాను.

"చించకు," అన్నాడు ఆయన. "అడిగారుగా, రాయి."

"ఎంత వెయ్యమంటారు? నాలుగు వెయ్యనా?"

"అంకెలొద్దు. రిజిస్టర్లో రాసినట్టు రాయి."

స్కేలు తెచ్చి ఇచ్చాడు. ఆ బొమ్మ కింద ఖాళీ జాగాలో ఆయన చెప్పినట్టే మూడు గడులు గీశాను. కన్ను తీసిన రోజు అన్నచోట మా మొదటి దరఖాస్తు తేదీ వేశాను. ఎంతసేపు అన్నచోట పదకొండు వారాలు అని రాశాను. కారణం గడి దగ్గర ఆగి ఆయన వైపు చూశాను.

"అది మనం రాయకూడదు," అన్నాడు. "కన్ను తీసినవాడు రాయాలి."

ఆ గడి ఖాళీగా వదిలేసి, కవరు అంటించి, పోస్టు చేశాను. వాళ్ళు ఇంతవరకూ నింపి పంపలేదు.